పికప్ ఉన్న చిన్న కారు: నాలుగు మీటర్ల గీత కథ

పత్తి డబ్బులు చేతికొచ్చి, మిర్చి కల్లంలో ఎండుతున్న రోజుల్లో మన ఊళ్ళల్లో కార్ల ముచ్చట మొదలవుతది. పిల్లలు అడిగేది ఒక్కటే: "పెదనాయనా, చిన్న కారే చాలు, కానీ పికప్ ఉండాలి. ఏది తీసుకోమంటవు?" వాళ్ళ నాయన అడిగేది వేరే: "లీటరుకు ఎంతిస్తది? రేపు అమ్మితే ఎంతొస్తది?" ఈ రెండు ప్రశ్నలకు నలభై ఏళ్ళుగా కొట్లాట నడుస్తనే ఉంది. మన దేశంలో ఏ చిన్న కారు బతికింది, ఏది పోయింది అనేది ఈ కొట్లాటలోనే తేలింది. మధ్యలో ఢిల్లీలో బడ్జెట్ రాసేవాళ్ళు ఒక గీత గీశారు. ఆ గీత సంగతి తెలిస్తే ఇవ్వాళ షోరూంలో నిలబెట్టిన బండి ఎందుకు అట్లా ఉందో అర్థమవుతది. అందుకే ఏది కొనాలో చెప్పే ముందు ఆ చరిత్ర రాస్తున్నా. కొంచెం పొడుగే, తీరిగ్గా చదవండి.

ముందు మన దిక్కు సంగతి. మనకు కారు అనేదే ఆలస్యంగా వచ్చింది. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. గోదావరి మీద వంతెన 1965లో గానీ రాలేదు. అంతకు ముందు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పడవే దిక్కు. రైలు స్టేషన్ పేరు భద్రాచలం రోడ్, అది ఉన్నది మాత్రం కొత్తగూడెంలో, రాములవారి గుడికి నలభై కిలోమీటర్ల దూరాన. మన రోడ్ల మీద తిరిగినవి సింగరేణి బొగ్గు లారీలు, వెదురు లారీలు, బస్సులు, ఆఫీసర్ల జీపులు. తర్వాత జనానికి దొరికినవి ట్రాక్స్‌లు, కమాండర్ జీపులు. లోపల ఎంతమంది ఉన్నారో వెనక వేలాడేవాళ్ళు అంతమంది. సొంత కారు అంటే అంబాసిడర్, లేకుంటే ఫియట్. అవి కూడా డాక్టర్లకు, పెద్ద కాంట్రాక్టర్లకే. కొత్తది కావాలంటే పైసలు కట్టి ఏళ్ళ తరబడి ఎదురు చూడాలి. పికప్ గురించి అడిగే మనిషే లేడు, స్టార్ట్ అయితే చాలు.

అదే కాలంలో బయటి దేశాల్లో వేరే కథ నడిచింది. 1956లో సూయెజ్ కాలువ గొడవ వచ్చి ఇంగ్లండులో పెట్రోలుకు కరువొచ్చింది. తక్కువ తాగే చిన్న కారు కావాలని అక్కడి కంపెనీ వాళ్ళు ఇసిగోనిస్ అనే ఇంజినీరుకు పని అప్పజెప్పారు. ఆయన చేసిందే 1959లో వచ్చిన మినీ. పొడుగు మూడు మీటర్ల పైచిల్లర. ఇంజనును అడ్డంగా పెట్టి, ముందు చక్రాలకే పవర్ ఇచ్చాడు. దాంతో ఇంజను పట్టే చోటు తగ్గి మనుషులకు చోటు మిగిలింది. ఇవ్వాళ మన ఊళ్ళో ఉన్న చిన్న కార్లు దాదాపు అన్నీ ఆ పద్ధతివే. జాన్ కూపర్ అని రేసు కార్లు చేసే ఆయన ఆ చిన్న బండిని చూసి, దీనికి కొంచెం బలం పెడితే ఎట్లుంటది అనుకున్నాడు. 1961లో మినీ కూపర్ వచ్చింది. 1964లో మాంటెకార్లో ర్యాలీలో పెద్ద పెద్ద బండ్లను వెనకేసి గెలిచింది. 1965లో, 1967లో మళ్ళీ గెలిచింది. మంచు మీద, కొండ మలుపుల్లో దాన్ని పట్టుకోవడం పెద్ద బండ్ల వల్ల కాలేదు.

ఆ తర్వాత జర్మనీ వంతు. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగబట్టినాక చిన్న కార్లకు మళ్ళీ గిరాకీ వచ్చింది. ఫోక్స్‌వ్యాగన్ 1974లో గోల్ఫ్ అనే కారు దించింది. కంపెనీలో కొందరు ఇంజినీర్లు దాంట్లో 110 హార్స్ పవర్ ఇంజను పెట్టి, సస్పెన్షన్ గట్టిచేసి 1976లో గోల్ఫ్ జీటీఐ అని అమ్మకానికి పెట్టారు. 5,000 అమ్ముడుపోతే చాలు అనుకున్నారు. ఆ మొదటి మోడలే నాలుగున్నర లక్షలకు పైగా పోయింది. వారమంతా ఆఫీసుకు, అంగడికి తిరిగే కారే ఆదివారం నాడు గుర్రంలా పరిగెత్తాలి అన్న ఆలోచన అక్కడి నుంచే ఊరూరా పాకింది. ఇందులో నాకు నవ్వొచ్చే ముచ్చట ఒకటుంది. మినీ పుట్టింది పెట్రోలు లేక, గోల్ఫ్ నిలదొక్కుకుంది చమురు కరువులో. పొదుపు కోసం చేసిన బండ్ల మీదే కుర్రకారు సోకు పడింది.

ఇక్కడ హార్స్ పవర్ లెక్క ఒకటి చెప్పాలి, లేకుంటే తర్వాత చెప్పేది తికమకగా ఉంటది. మన ట్రాక్టరు 45 హెచ్‌పీ. పాత మారుతి 800 నలభై లోపు. మరి ట్రాక్టరు ఎందుకు పరిగెత్తదు? ట్రాక్టరు బరువు రెండు టన్నులు, గేర్లు లాగుడుకు పెట్టినవి. మారుతి బరువు 650 కిలోల చుట్టూ, గేర్లు పరుగుకు పెట్టినవి. బండలాగుడు పోటీకి పెంచిన ఎడ్లను పరుగు పందెంలో దింపితే ఎట్లుంటదో అట్లా. పికప్ అంటే మనం చూడాల్సింది ఇంజను ఎంత పెద్దది అని ఒక్కటే కాదు, ఎంత బరువును ఈడ్చాలి అనేది కూడా. తేలిక బండి తక్కువ బలంతోనే చురుగ్గా కదులుతది. టార్క్ అనేది లాగుడు బలం. అది ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడే దొరికితే నలుగురిని ఎక్కించుకుని మూడో గేర్లో చడావు ఎక్కుతది. లేకుంటే రెండో గేర్లో అరుస్తా ఎక్కాలి.

మన దేశానికి వద్దాం. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలు ఢిల్లీలో హర్‌పాల్ సింగ్ అనే ఆయన చేతిలో పెట్టారు. సుజుకీ వాళ్ళ జపాను బండి, 796 సీసీ, మూడు సిలిండర్లు. అంబాసిడర్‌తో పోలిస్తే అది బొమ్మలా ఉండేది. నడిపితే మాత్రం సైకిలు తొక్కినంత తేలిక. ఈ చిన్న ఇంజన్ను కోయంబత్తూరులో కరివర్ధన్ అనే ఆయన ఒంటి సీటు రేసు బండికి పెట్టి ఫార్ములా మారుతి అని పందేలు నడిపించాడు. మనం బిడ్డను స్కూల్లో దింపే ఇంజనుతోనే అక్కడ పిల్లలు రేసింగ్ నేర్చుకున్నారు. 1993లో జెన్ వచ్చింది. 993 సీసీ, అల్యూమినియం ఇంజను, 50 హెచ్‌పీ. ఇవ్వాళ ఆ అంకె చిన్నదనిపిస్తది గానీ, అప్పట్లో నడిపినవాళ్ళను అడగండి, కళ్ళల్లో మెరుపు కనపడతది. స్పోర్టీ అనే మాట ఎవరికీ తెలియని రోజుల్లోనే జెన్ ఆ పని చేసిపెట్టింది.

మన రైతులకు మాత్రం జెన్ కన్నా దగ్గరైంది టాటా ఇండికా. 1998లో చూపించారు, డీజిల్‌లో వచ్చింది. ఇల్లంతా పట్టేది, రోజూ కొట్టించే డీజిలే దానికీ పోసేవాళ్ళం. పికప్ ముచ్చట అందులో లేదు. ఖమ్మం ఆస్పత్రికి ముసలివాళ్ళను తీసుకపోవడానికి, పెళ్ళికి కిరాయికి పెట్టడానికి అదే. ఇంకో పక్క 2001లో ఫియట్ పాలియో అని వచ్చింది. సచిన్ టెండూల్కర్ ప్రచారం చేశాడు. దాంట్లో 1.6 లీటర్ జీటీఎక్స్ అనేది 100 హెచ్‌పీ. అప్పటికి మన దేశంలో అంత బలమున్న చిన్న కారు లేదు. ఇనుప ముద్దలాంటి బండి, మలుపులో కదిలేది కాదు. కానీ తాగుడు ఎక్కువ. "ఎంతిస్తది" అన్న ప్రశ్న ముందు 100 హెచ్‌పీ నిలబడలేదు. పికప్ కోసం మైలేజ్ వదులుకునే మనిషి మన దేశంలో వెయ్యికి ఒకడు అని కంపెనీలకు నేర్పింది పాలియోనే అని నా లెక్క.

2005 మే నెలలో స్విఫ్ట్ దిగింది. 1.3 లీటర్ పెట్రోలు ఇంజను, 87 హెచ్‌పీ. చూడ్డానికి ఆ మినీ పోలికలే. అప్పటిదాకా చిన్న కారంటే డబ్బు లేనోడి కారు అన్న పేరుండేది, దాన్ని చెరిపేసింది ఇది. పిల్లలు గోడ మీద ఫోటో అంటించుకున్న మొదటి చిన్న కారు.

ఇక గీత. 2006 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి చిదంబరం చిన్న కార్ల మీద ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. ఏది చిన్న కారు? పొడుగు 4,000 మిల్లీమీటర్లు దాటకూడదు. పెట్రోలైతే ఇంజను 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకూడదు. ఇంతే, రెండు ముక్కల నిర్వచనం. కానీ మన పొలం హద్దు రాయిలా అది పాతుకుపోయింది. గీతకు అటు పక్కన ఉంటే బండి మీద పన్ను భారం, ఇటు పక్కన ఉంటే తేలిక. స్విఫ్ట్ పొడుగు సరిపోయింది గానీ ఇంజను 1298 సీసీ, అంటే 98 సీసీ ఎక్కువ. 2010లో మారుతి వాళ్ళు ఆ ఇంజను తీసేసి 1197 సీసీది పెట్టారు. డిక్కీ ఉన్న డిజైర్‌ను 2012లో తోక కోసి నాలుగు మీటర్ల లోపలికి తెచ్చారు. పాత డిజైర్, కొత్త డిజైర్ పక్కపక్కన పెట్టి చూడండి, కోత కనపడతది. ఐ20, పోలో, ఫిగో, తర్వాత వచ్చిన బలెనో, ఆల్ట్రోజ్ అన్నీ 3.99 మీటర్ల దగ్గర ఆగిపోయినవో, అంతకన్నా పొట్టివో. మన దేశపు చిన్న కారుకు కొలతలు తీసింది పన్ను పుస్తకం.

ఈ గీత పికప్ పిచ్చోళ్ళను దెబ్బకొట్టింది. బలం కావాలంటే ఇంజను పెద్దది పెట్టడం పాత దారి. 1.6 పాలియో అట్లా వచ్చిందే. 2010లో ఫోక్స్‌వ్యాగన్ పోలోలో కూడా 1.6 పెట్రోలు, 105 హెచ్‌పీ పెట్టి అమ్మి చూశారు. చిన్న బండే, పన్ను మాత్రం పెద్ద బండిది. ఎక్కువ రోజులు నిలవలేదు.

మరి మన ఊళ్ళల్లో పికప్ రుచి చూపించింది ఏది? డీజిల్ స్విఫ్ట్. 2007లో ఫియట్ దగ్గర తెచ్చుకున్న 1.3 డీజిల్ ఇంజను అందులో పెట్టారు. 75 హెచ్‌పీనే, కానీ టర్బో ఉంది, టార్క్ 190 న్యూటన్ మీటర్లు. అప్పటి పెట్రోలు స్విఫ్ట్ కన్నా చాలా ఎక్కువ. 2,000 ఆర్‌పీఎం దాకా నిద్రపోయినట్టుండి, దాటగానే వీపు మీద ఎవరో నెట్టినట్టు దూకుతది. ఆ నెట్టుడే మన పిల్లలకు అలవాటైంది. దానికి తోడు రేట్లు. 2010 జూన్‌లో పెట్రోలు రేటు మీద సర్కారు అదుపు వదిలేసింది, డీజిల్ మీద 2014 అక్టోబర్ దాకా వదలలేదు. 2012 వేసవిలో పెట్రోలుకు, డీజిల్‌కు లీటరు మీద ముప్పై రూపాయల దాకా తేడా పెరిగింది. అంటే తండ్రి ప్రశ్నకు, కొడుకు ప్రశ్నకు ఒకే బండి జవాబు చెప్పిన కాలం అది. అందుకే ఆ ఏళ్ళల్లో మిర్చి రేటు పలికిన ప్రతి ఊళ్ళో తెల్ల స్విఫ్ట్ డీజిల్ ఒకటన్నా దిగింది. ఇప్పటికీ ఆ బండి అమ్మకానికొస్తే బేరం గట్టిగానే ఉంటది.

గీతకు లోపలే ఉండి బలం తెచ్చే కిటుకు 2013లో పోలో జీటీ టీఎస్ఐ చూపించింది. పెట్రోలు ఇంజను 1.2 లీటరే, కానీ టర్బో పెట్టి 105 హెచ్‌పీ, 175 న్యూటన్ మీటర్లు లాగారు. పాత 1.6 ఎంత బలమిచ్చిందో ఇది 1200 సీసీ లోపే అంత ఇచ్చింది. పన్ను చిన్న కారుది. టర్బో అంటే ఇంజను వదిలే పొగతో ఒక చిన్న రెక్కల చక్రం తిప్పి, ఆ తిప్పుడుతో గాలిని ఇంజనులోకి కుక్కడం. గాలి ఎక్కువ పోతే ఇంధనం ఎక్కువ కాలుతది, చిన్న ఇంజను పెద్ద పని చేస్తది. దీనికి గేర్లు వాటంతటవే పడే ఏడు గేర్ల డబుల్ క్లచ్ పెట్టెను జోడించారు. తొక్కి నడిపితే గంటకు వందకు పది సెకన్ల లోపే పోయేది. పట్నం పిల్లలు దీన్ని గుడిలో దేవుడిలా చూసుకున్నారు. 2020లో ఇంజను 1.0 లీటరుకు మార్చి 110 హెచ్‌పీ చేశారు. 2022లో పూణే దగ్గర చకన్‌లో పోలో తయారీయే ఆగిపోయింది.

పోలోతో ఇంకో చరిత్ర ముడిపడి ఉంది, నా దృష్టిలో పికప్ కన్నా అది పెద్దది. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్మే అయిదు చిన్న కార్లను గోడకు గుద్దించి చూసింది. ఎయిర్‌బ్యాగులు లేని మోడళ్ళు అయిదూ సున్నా స్టార్లే, పోలోతో సహా. అదే పోలోకు రెండు ఎయిర్‌బ్యాగులు పెట్టి గుద్దిస్తే నాలుగు స్టార్లు వచ్చాయి. ఆ దెబ్బకు ఎయిర్‌బ్యాగు లేని పోలో అమ్మడమే మానేశారు. సర్కారు డ్రైవర్ ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ తప్పనిసరి చేసింది 2019లో. అంటే అంతకు ముందు కొన్న చిన్న మోడళ్ళు చాలావరకు ఏమీ లేనివే. సెకండ్ హ్యాండ్ చూసే పిల్లలు సన్‌రూఫ్ గురించి అడుగుతున్నారు గానీ ఈ సంగతి ఒక్కడూ అడగడు.

2015 తర్వాత వచ్చిన వేగపు బండ్ల సంగతి తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే అవి తొందరగానే పోయాయి. పుంటో అబార్త్ 145 హెచ్‌పీతో 2015లో. పోలో జీటీఐ 192 హెచ్‌పీతో 2016లో, పాతిక లక్షల పైన. బలెనో ఆర్‌ఎస్ 2017లో. కోయంబత్తూరు జయం వాళ్ళతో కలిసి టాటా చేసిన టియాగో జేటీపీ 2018లో. జేటీపీ మంచి ధరకే వచ్చింది, 114 హెచ్‌పీ. అయినా జనం ఆ డబ్బుకు ఎత్తైన బండి, అంటే బ్రెజా, నెక్సాన్ లాంటివి కొనుక్కున్నారు. ఆ ఎత్తైన బండ్లు కూడా అదే నాలుగు మీటర్ల గీత లోపల పుట్టినవే సుమా.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 రూలు వచ్చింది. చిన్న డీజిల్ ఇంజన్లను ఆ రూలుకు తేవాలంటే ఖర్చు తడిసి మోపెడవుతది. మారుతి మొత్తం డీజిలే ఆపేసింది. తండ్రీకొడుకులను కలిపిన బండి అట్లా పోయింది. దాని చోట్లో ఇప్పుడు చిన్న పెట్రోలు టర్బోలు ఉన్నాయి. 2021లో ఐ20 ఎన్ లైన్, 998 సీసీతో 120 హెచ్‌పీ. 2024 జూన్‌లో ఆల్ట్రోజ్ రేసర్, 1199 సీసీతో 120 హెచ్‌పీ. సీసీ అంకెలు చూశారా? ఒకటి వెయ్యికి రెండు తక్కువ, ఒకటి పన్నెండు వందలకు ఒకటి తక్కువ. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మార్చినప్పుడు కూడా అదే గీత: లోపల ఉన్న బండికి 18 శాతం, దాటితే 40. ఇరవై ఏళ్ళయినా హద్దు రాయి కదల్లేదు.

మరి స్విఫ్ట్ ఏమైంది? 2024 మేలో నాలుగో స్విఫ్ట్ వచ్చింది. 82 హెచ్‌పీ. 2005లో వచ్చిన మొదటిదానికి 87. పందొమ్మిదేళ్ళ తర్వాత అయిదు తగ్గింది. మైలేజ్ మాత్రం కంపెనీ లెక్కలో లీటరుకు దాదాపు 25 కిలోమీటర్లు. ఆ కొట్లాటలో ఎవరు గెలిచారో ఈ రెండు అంకెలే చెప్తున్నాయి. నేను తండ్రుల పక్షమే గానీ, ఈ ఒక్క విషయంలో కొంచెం బాధనిపించింది.

సరే, ఇక మన రోడ్ల మీదికి వద్దాం. పికప్ ఉత్త సోకే అని కొట్టిపారేసేవాళ్ళకు ఒక లెక్క. మన 30 నంబరు జాతీయ రహదారి, ఛత్తీస్‌గఢ్ నుంచి కుంట, చింతూరు, భద్రాచలం, పాల్వంచ, కొత్తగూడెం మీదుగా విజయవాడ దిక్కు పోయేది, చాలా చోట్ల అటొకటి ఇటొకటి బండి పట్టే రోడ్డే. లారీ 40 స్పీడులో పోతున్నది అనుకోండి. దాని వెనక నుంచి ముందుకు రావాలంటే దాని కన్నా ఓ నలభై మీటర్లు ఎక్కువ పోవాలి. మీరు 60లో దాటితే ఏడు సెకన్లు పడతది, ఆ ఏడు సెకన్లూ మీరు ఎదురు బండి దారిలో ఉంటారు, 120 మీటర్ల దూరం. 80లో దాటితే మూడున్నర సెకన్లు, 80 మీటర్లు. ప్రమాదం ఉన్న చోట ఉండే సమయం సగానికి తగ్గింది. నలుగురిని ఎక్కించుకున్నప్పుడు కూడా 40 నుంచి 80కి చప్పున అందుకునే బండి ప్రాణం కాపాడే బండే.

అదే లెక్కకు రెండో వైపు. స్పీడు రెండింతలైతే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగింతలు. 40లో పది మీటర్లలో ఆగే బండి 80లో నలభై మీటర్లు తీసుకుంటది. కిన్నెరసాని అడవి పక్క మలుపుల్లో రాత్రిపూట హెడ్‌లైటు వెలుతురు ఎంత దూరం? వెచ్చదనం కోసం తారు మీద పడుకున్న బర్రెలకు ఇండికేటర్లుండవు. లైట్లు లేని పత్తి ట్రాక్టరు ట్రాలీలకూ ఉండవు, ఆ ట్రాలీలు మనవే. 120 హెచ్‌పీ బండి ఇరవై ఏళ్ళ పిల్లోడి చేతికిచ్చే నాయన ఈ రెండు లెక్కలూ కలిపి చూసుకోవాలి.

టైర్ల సంగతి చాలామంది పట్టించుకోరు. స్పోర్టీ మోడలు అంటే రిమ్ము పెద్దది, రబ్బరు గోడ పలచన. తారు రోడ్డు మలుపులో బండి గట్టిగా పట్టుకుంటది, నిజమే. గుంతలో పడితే రబ్బరు నలిగి రిమ్ముకు తగులుతది. నాకు తెలిసిన ఒక కుర్రాడు చూడ్డానికి బాగుంటదని తన బండికి బయట పెద్ద రిమ్ములు వేయించుకున్నాడు. ఒక్క వానాకాలంలో రెండు టైర్లు పక్క నుంచి ఉబ్బి పోయాయి. మన ఊరి దారి మెటల్ రోడ్డయితే చిన్న రిమ్ము, లావు రబ్బరు ఉన్న మోడలే తీసుకోండి. చిన్న కార్లకు కింది ఎత్తు 165, 170 మిల్లీమీటర్ల దగ్గర ఉంటది. అది ఖాళీ బండి లెక్క. అయిదుగురు కూర్చుని వెనక రెండు బస్తాలు వేస్తే ఎంత మిగులుతదో మీరే కొలవండి. ట్రాక్టరు గాడి పడ్డ దారిలో మధ్య దిబ్బ ఇంజను అడుగును గీకుతది.

సెకండ్ హ్యాండ్ చూసేవాళ్ళు ఇంకో మాట వినండి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 2024 సెప్టెంబర్ మొదట్లో ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు పొంగి కార్లు లెక్కలేనన్ని మునిగాయి. అట్లాంటి బండ్లు కడిగి, తుడిచి, సెంటు కొట్టి మళ్ళీ బేరానికొస్తయి. సీటు బెల్టు చివరి దాకా బయటికి లాగి చూడండి, బురద గీత అక్కడే దొరుకుతది. కింద కార్పెట్ లేపండి, సీటు జరిగే పట్టాలకు తుప్పుందా చూడండి, స్టెపినీ గుంతలో ఒండ్రు ఉందా వేలు పెట్టి చూడండి. నీళ్ళు తాగిన టర్బో బండి వైరింగు ఎప్పుడు ఏం చేస్తదో మెకానిక్‌కు కూడా తెలియదు. పాత టర్బో అయితే ఆయిలు ఎప్పుడెప్పుడు మార్చారో సర్వీసు పుస్తకం లేకుండా ముట్టుకోవద్దు. ఆ రెక్కల చక్రం నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతది, దానికి మంచి ఆయిలే ఆయుష్షు. డబుల్ క్లచ్ పెట్టెకు పని పడితే మన కొత్తగూడెం గ్యారేజీలో అయ్యేది కాదు, ఖర్చు కూడా ఒక పంట పెట్టుబడిలా ఉంటది. ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో పోసేది ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోలు. మన మక్కజొన్న కూడా అందులో ఉండొచ్చు, సంతోషమే. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లు దానికి తగ్గట్టు చేసినవి. అంతకు ముందువి కొనేటప్పుడు ఆ మోడలుకు కంపెనీ ఏం చెప్తున్నదో అడిగి తెలుసుకోండి.

కిస్తీల లెక్క చెప్పకుండా ఆపలేను. ఎనిమిది లక్షలు అప్పు, తొమ్మిదిన్నర శాతం వడ్డీ, అయిదేళ్ళు అయితే నెలకు 16,800 కట్టాలి. ఏడాదికి రెండు లక్షలు. వడ్డీయే మొత్తం మీద రెండు లక్షల పైన. జీతగాడికి నెల నెలా డబ్బొస్తది, మనకొచ్చేది పత్తికి ఒకసారి, మిర్చికి ఒకసారి. జూన్ నుంచి అక్టోబర్ దాకా మన చేతి నుంచి పోవడమే, రావడం లేదు. ఆ అయిదు నెలల కిస్తీ, 84,000, ముందే పక్కన పెట్టుకోలేకపోతే ఆ బండి కొనొద్దు. మిర్చి క్వింటా రేటు ఒక్క ఏడాదిలో ఎట్లా పడిపోతదో ఖమ్మం మార్కెట్లో అందరం చూసినవాళ్ళమే. రేటు పడితే కిస్తీ తగ్గదు.

నా ఎంపిక అడిగితే: ఇంట్లో ఒక్కటే కారు, ఊరి దారి మట్టిది, తిరుగుడు మండలం దాకా అయితే, టర్బో లేని 1.2 పెట్రోలు, తేలిక బండి, నాలుగు స్టార్లో అయిదు స్టార్లో ఉన్నది తీసుకోండి. స్టార్లు బండి పేరును బట్టి కాదు, పరీక్ష చేసిన ఏడాదిని, మోడల్‌ను బట్టి చూడండి. ఇల్లు రోడ్డు మీదే ఉండి, వారానికి రెండుసార్లు ఖమ్మమో విజయవాడో పోయేవాళ్ళు, తోలేది ముప్పై దాటిన మనిషి అయితే, చిన్న టర్బో మీద పెట్టిన డబ్బు దండగ కాదు. లారీ దాటేటప్పుడు దాని విలువ తెలుస్తది. పాత పోలో మీద మోజున్నవాళ్ళు బండి ధర మీద ఇంకో లక్ష రిపేరుకు పక్కన పెట్టుకునే కొనండి.

టెస్ట్ డ్రైవ్ అని షోరూం వాళ్ళు బైపాస్ మీద ఒక్కడినే తిప్పుతారు, ఏసీ వేసి పాట పెట్టి. ఒప్పుకోవద్దు. ఇంట్లో నలుగురిని ఎక్కించుకుని, ఏసీ ఆన్ చేసి, ఒక చడావు, ఒక స్పీడ్ బ్రేకర్, ఒక గతుకుల దారి ఉన్న చోటికి తీసుకపోమనండి. వెనక సీట్లో అమ్మను కూర్చోబెట్టండి. గట్టి సస్పెన్షన్ ఎట్లుందో ఆమె నడుము చెప్తది. అడ్వాన్సు ముచ్చట ఇంటికొచ్చి అన్నం తిన్నాక మాట్లాడుకోవచ్చు.